ఏ పుస్తకం చదివితే మళ్లీ రాయగలను?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. కాలేజీ రోజుల్లో కథలు రాసేదాన్ని. రెండు అచ్చయ్యాయి కూడా. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. పదేళ్లు ఒక్క వాక్యం రాయలేదు. నాలుగేళ్ల క్రితం మళ్లీ రాయాలనిపించింది. ధైర్యం కోసం సృజనాత్మకత మీద వచ్చిన పుస్తకాలు కొనడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఒక అర నిండిపోయింది. చదువుతున్నంతసేపూ ఏదైనా చేసేయగలననిపిస్తుంది. పుస్తకం మూసిన మూడో రోజుకి మళ్లీ మామూలే. మూడు కథలు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. మా అక్క, ‘నువ్వు రాయడం మానేసి రాయడం గురించి చదువుతున్నావే’ అంటుంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నాలో ఉన్నదాన్ని పూర్తిగా బయటికి తెచ్చే పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి. అసలు నాలో అంత లేదేమో, అదైనా చెప్పండి. ఇంకొకటి, పాత కథల్నే పట్టుకోవాలా, కొత్తది మొదలుపెట్టాలా?

సమాధానం: మీరు ఆఖర్లో భయం భయంగా అడిగిన ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. అది తేలకుండా నేను ఏ పుస్తకం పేరు చెప్పినా అది కూడా వెళ్లి ఆ అరలోనే కూర్చుంటుంది.

నాలో అంత ఉందా లేదా అని మీరడిగారు. 1902లో ఫ్రాంజ్ జేవర్ కాపుస్ అనే కుర్రాడు ఇదే ప్రశ్నని ఒక కవికి రాశాడు. కాపుస్ అప్పుడు ఆస్ట్రియాలో సైనిక పాఠశాలలో చదువుతున్నాడు. పందొమ్మిదేళ్లు. సైన్యంలో ఉద్యోగం తప్పేలా లేదు, మనసేమో కవిత్వం మీద ఉంది. తన కవితలు కొన్ని జతచేసి రైనర్ మరియా రిల్కేకి పంపాడు. 1903 ఫిబ్రవరి 17న పారిస్ నుంచి రిల్కే జవాబిచ్చాడు. అప్పటికి రిల్కేకి కూడా 27 ఏళ్లే. కవితలు బాగున్నాయో లేదో చెప్పమని నన్ను అడుగుతున్నారు, ఇంతకుముందు ఇంకొకరిని అడిగారు, పత్రికలకి పంపుతున్నారు, వేరేవాళ్ల కవితలతో పోల్చుకుంటున్నారు, ఇదంతా మానేయండి, ఈ విషయంలో మీకు ఎవరూ సలహా ఇవ్వలేరు అన్నాడు. అలా అని కుర్రాణ్ణి వదిలేయలేదు. 1908 దాకా మొత్తం పది ఉత్తరాలు రాశాడు. రిల్కే 1926లో చనిపోయాక, 1929లో కాపుస్ వాటిని పుస్తకంగా వేశాడు. ‘లెటర్స్ టు ఎ యంగ్ పొయెట్’ అదే. మీ అరలో ఉండే ఉంటుంది. ఇలాంటి అరల్లో అది లేకపోవడం అరుదు.

ఆ మొదటి ఉత్తరంలో ఒక మాట ఉంది. దాన్ని చాలామంది పరీక్షలా తీసుకుని కుంగిపోతారు. రాత్రి అన్నింటికంటే నిశ్శబ్దంగా ఉన్న వేళ, నేను రాసి తీరాలా అని మిమ్మల్ని మీరు అడగండి, రాయనివ్వకపోతే చచ్చిపోతారా అని అడగండి అంటాడు రిల్కే. పదేళ్లు రాయకుండా బతికారు కాబట్టి, నేను చచ్చిపోలేదు, కాబట్టి నాకా అర్హత లేదు అని మీరు ఈపాటికి లెక్క వేసుకునే ఉంటారు. ఆ లెక్క చెరిపేయండి. ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ ఉన్న మనిషి రాయకుండా పదేళ్లు గడపడం ఆ మనిషిలో రాత లేదనడానికి సాక్ష్యం కాదు. రిల్కే జీవితంలోనే దీనికి జవాబుంది. అతని గొప్ప రచన ‘డ్యూనో ఎలిజీస్’ 1912 జనవరిలో మొదలైంది. పూర్తయింది 1922 ఫిబ్రవరిలో. మధ్యలో యుద్ధం వచ్చింది, సైన్యంలో పనిచేయాల్సి వచ్చింది, మనసు మూగబోయిన రోజులు చాలా వచ్చాయి. అప్పుడప్పుడూ కొన్ని ముక్కలు రాశాడు కానీ, మొత్తం చేతికి రావడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో ఏ ఏడాది అడిగినా, నీలో ఇంకా ఏమైనా ఉందా అంటే అతను ఉందని గట్టిగా చెప్పగలిగేవాడా అని నాకు అనుమానమే.

మీ ప్రశ్నలో ఇంకో చిక్కుంది. మనలో ఫలానా ఇంత అని ముందే కొలిచి పెట్టినట్టు, సరైన పుస్తకం దొరికితే అదంతా బయటికి వచ్చేస్తుందన్నట్టు అడిగారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ సంగీతకారుల్నీ, చదరంగం ఆటగాళ్లనీ, జ్ఞాపకశక్తిలో ఆరితేరినవాళ్లనీ దశాబ్దాల పాటు గమనించాడు. 2016లో రాబర్ట్ పూల్‌తో కలిసి రాసిన ‘పీక్’లో ఆయన ఈ ఊహనే కాదంటాడు. శక్తి లోపల దాక్కుని ఉండదు, సాధనతోనే తయారవుతూ పోతుంది అంటాడు. పుట్టుకతో వచ్చే తేడాలకి ఆయన ఇచ్చిన విలువ మరీ తక్కువని తర్వాత చాలామంది వాదించారు. ఆ వాదన ఇంకా తెగలేదు. మీకూ నాకూ అది తెగనక్కర్లేదు. సాధన చేయకుండా ఎవరి శక్తి ఎంతో తెలుసుకునే దారి లేదన్నది మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకోవాల్సిందే. అన్నట్టు, పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా ఆరితేరతారన్న లెక్క విని ఉంటే దాన్ని కూడా మనసులోంచి తీసేయండి. అది మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2008 పుస్తకంతో పాకిన మాట. తన పరిశోధనని అలా దాటాల్సిన గీతలా వాడటం సరికాదని ఎరిక్సనే చెప్పాడు. ఆ అంకె ఒక బృందంలో మంచి వయొలిన్ వాద్యకారులు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి చేసిన సాధనకి సగటు మాత్రమే.

ఇక మీ అర సంగతి.

పుస్తకం మూసిన మూడో రోజుకి ఆ వేడి ఎందుకు చల్లారుతోంది? నాకు తోచింది చెబుతాను. ఆ పుస్తకాలు రాసినవాళ్లు పని పూర్తి చేసినవాళ్లు. వాళ్ల గొంతులో ఆ నమ్మకం ఉంటుంది. చదువుతున్నంతసేపూ ఆ నమ్మకం మనదే అనిపిస్తుంది. కానీ అది వాళ్లు కొన్నేళ్ల పాటు కూర్చుని సంపాదించుకున్నది. పుస్తకం పక్కన పెట్టగానే అది వాళ్లతోనే వెళ్లిపోతుంది. మన దగ్గర మిగలగలిగింది ఒక్కటే, ఆ పుస్తకం మనల్ని చేయమన్న పని. మందుల చీటీ ఎన్నిసార్లు చదివినా జ్వరం తగ్గదు కదా. మీరు కింద గీతలు గీసిన వాక్యాల్ని ఒకసారి చూడండి. ఉత్సాహాన్నిచ్చే మాటల కిందే గీతలు ఉండి, ‘ఇది చేయండి’ అన్న చోట లేకపోతే, ఇన్నాళ్లూ ఏం జరిగిందో మీకే తెలుస్తుంది.

జూలియా కామెరాన్ ‘ది ఆర్టిస్ట్స్ వే’నే తీసుకోండి. 1992లో వచ్చింది. దాన్ని చదివినవాళ్లు లెక్కలేనంతమంది, ఆఖరి దాకా చేసినవాళ్లు తక్కువే అనుకుంటాను. అది చదవడానికి రాసిన పుస్తకం కాదు, 12 వారాల కోర్సు. రోజూ పొద్దున్నే మూడు పేజీలు చేత్తో రాయాలి. ఏదైనా సరే. పాలవాడు రాలేదని, నిద్ర సరిపోలేదని, రాయడానికేమీ తోచట్లేదని. అవి సాహిత్యం కాదు, ఎవరికీ చూపించకూడదు, మొదట్లో కొన్ని వారాలు మీరు కూడా తిరిగి చదవకూడదు. వారానికి ఒకసారి ఒంటరిగా ఎక్కడికైనా వెళ్లి మనసుకి నచ్చింది చూసి రావాలి. నాలుగో వారంలో ఆవిడ ఇంకా కఠినమైన పని పెడుతుంది. ఆ వారమంతా ఏమీ చదవకూడదు. నవలలు, పత్రికలు, ఏవీ. పుస్తకం కొనుక్కున్నవాళ్లని పుస్తకాలు మూసేయమంటుంది! దానిమీద కోర్సులో చేరినవాళ్లకి కోపం వచ్చేదని ఆవిడే రాసింది. చదవడానికేమీ లేకపోతే మొదట విసుగొస్తుంది, తర్వాత చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి చేయడం మొదలుపెడతాయి అన్నది ఆవిడ అనుభవం. ఆ పుస్తకంలో ఆధ్యాత్మిక ధోరణి బాగా ఉంది. అది మీకు సరిపడకపోతే ఆ భాగాలు వదిలేయొచ్చు, పని మాత్రం వదలకూడదు. మీరు ఆ నాలుగో వారం చేశారా? మీ ఉత్తరం చూస్తే చేయలేదనే అనిపించింది.

అలాగని మీకు కామెరాన్ పుస్తకమే మందు అని చెప్పను. తెల్లకాగితం చూస్తేనే భయపడేవాళ్లకి ఆ మూడు పేజీలు బాగా పనిచేస్తాయి. మీరు మొదలుపెట్టగలరు. ఒకటి కాదు, మూడుసార్లు మొదలుపెట్టారు. మీరు ఆగేది మధ్యలో. కాబట్టి మీకు కావలసిన పుస్తకం వేరు. ఈ పుస్తకాలు కొనేటప్పుడు చాలామంది మర్చిపోయేది ఇదే. ఏది గొప్పదో చూస్తారు కానీ, తాము ఏ మెట్టు మీద ఆగిపోయారో చూసుకోరు.

అందుకని ముందు ఒక పని చేయండి. ఆ మూడు కథలూ బయటికి తీసి, ఒక్కొక్కటి ఏ వాక్యం దగ్గర ఆగిందో చూడండి. ఆ రోజు ఎందుకు ఆపారో గుర్తు తెచ్చుకుని పక్కన రాయండి.

‘చెత్తగా వస్తోంది’ అని ఆపి ఉంటే, మీకు ఆన్ లామోట్ ‘బర్డ్ బై బర్డ్’ కావాలి. 1994 నాటిది. రాత నేర్పే పుస్తకాల్లో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే. మంచి రచయితలందరి మొదటి ప్రతీ ఘోరంగానే ఉంటుందని, ఉండాలని ఆవిడ ఒక అధ్యాయమంతా చెబుతుంది, ఇక్కడ రాయలేనంత మొరటు మాటతో. పుస్తకం పేరు వెనకో చిన్న కథ. ఆవిడ అన్నకి పదేళ్లప్పుడు పక్షుల మీద ఒక వ్యాసం రాసుకురమ్మన్నారు. మూడు నెలలు టైమిచ్చారు. ఆఖరి రోజు దాకా ముట్టుకోలేదు. పుస్తకాలన్నీ ముందేసుకుని, ఇంత పని ఎలా అవుతుందని ఏడుపు మొహంతో కూర్చుంటే, తండ్రి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసి, ఒక్కో పక్షి రాసుకుంటూ పో నాన్నా అన్నాడు. ఆవిడ తన బల్ల మీద అంగుళం కొలత ఉన్న చిన్న ఫోటో ఫ్రేము పెట్టుకుంటుంది. ఈ రోజు అందులో పట్టేంత రాస్తే చాలు అని గుర్తుండటానికి. కథంతా ఒకేసారి కళ్లముందు వేసుకుని భయపడేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే మాట నేను వినలేదు.

దీనికి తోడుగా డేవిడ్ బేల్స్, టెడ్ ఓర్లాండ్ కలిసి రాసిన ‘ఆర్ట్ అండ్ ఫియర్’ ఉంది. 1993. సన్నటి పుస్తకం. అందులో ఒక కుండల తరగతి కథ బాగా పాకిపోయింది. టీచరు క్లాసుని రెండుగా చీల్చి, సగం మందికి చేసిన కుండల బరువుని బట్టి, సగం మందికి ఒకే ఒక్క కుండ నాణ్యతని బట్టి మార్కులు అన్నాడు. చివరికి మంచి కుండలన్నీ బరువు కోసం చేసినవాళ్ల దగ్గరే వచ్చాయి. ఎన్నో చేశారు, తప్పుల్లోంచి నేర్చుకున్నారు. రెండోవాళ్లు మంచి కుండ అంటే ఏమిటని ఆలోచిస్తూ కూర్చున్నారు. నిజానికి ఇది ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జెర్రీ యూల్స్‌మాన్ అనే ఫోటోగ్రాఫర్ తన విద్యార్థులతో చేయించిన పని. పుస్తకం రాసినవాళ్లు ఫోటోల్ని కుండలుగా మార్చారు. దాన్ని ప్రయోగశాలలో రుజువైన సత్యంలా కాకుండా, ఒక గురువు అనుభవంగా తీసుకోండి. అప్పుడు కూడా అది బలమైనదే.

‘తర్వాత ఏం జరగాలో తెలియలేదు’ అని ఆపి ఉంటే సంగతి వేరు. అక్కడ ఉత్సాహం పనికిరాదు. అది పనితనానికి సంబంధించిన లోటు, నేర్చుకుంటే తీరేది. ఇది విని చాలామంది చిన్నబుచ్చుకుంటారు కానీ, నాకైతే ఇది మంచి వార్తే అనిపిస్తుంది. ప్రతిభ లేదేమో అని కుమిలిపోవడం కంటే, కథనం నడపడం ఇంకా రాలేదు అనుకోవడం ఎంత తేలిక! తెలుగులో వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి ‘కథాశిల్పం’ ఉంది. 1999లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది మీలో ఆవేశం నింపదు. కథని విప్పి, ఏ భాగం ఏ పని చేస్తోందో చూపిస్తుంది. ఇంగ్లీషులో జార్జ్ సాండర్స్ 2021లో వేసిన ‘ఎ స్విమ్ ఇన్ ఎ పాండ్ ఇన్ ద రెయిన్’. రష్యన్ రచయితలు చెహోవ్, తుర్గెనెవ్, తోల్‌స్తోయ్, గోగోల్ రాసిన ఏడు కథల్ని తీసుకుని, తను సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పినట్టే చెబుతాడు. మొదటి కథని ఒక్కో పేజీ ఇచ్చి ఆపేస్తాడు. ఇప్పటిదాకా మీకేం తెలిసింది, తర్వాత ఏం జరుగుతుందని ఎదురు చూస్తున్నారు అని అడుగుతాడు. ఆ పుస్తకం దొరక్కపోయినా ఈ పద్ధతి మీ చేతిలో ఉంది. మీకు ప్రాణమైన కథ ఒకటి తీసుకుని, పేజీ పేజీకి ఆగి, ఆ రెండు ప్రశ్నలకీ జవాబు కాగితం మీద పెట్టండి.

ఇక్కడ కాసేపు ఆగి బెంజమిన్ ఫ్రాంక్లిన్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన ఆత్మకథలో ఉన్న ఒక్క పేజీ నా దృష్టిలో సృజనాత్మకత మీద వచ్చిన చాలా పుస్తకాల కంటే విలువైనది. ఆయన చిన్నతనంలో అన్నగారి ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి కుదిరాడు. తన రాతలో తీరు లేదని తండ్రి అన్నాడు. కోపం తెచ్చుకోలేదు. ‘స్పెక్టేటర్’ అనే పత్రిక సంపుటం ఒకటి చేతికి దొరికింది. అందులో వ్యాసాలు తెగ నచ్చాయి. ఒక వ్యాసం తీసుకుని, ప్రతి వాక్యంలో ఉన్న భావాన్ని ఒకటి రెండు మాటల్లో గుర్తు రాసుకునేవాడు. కొన్ని రోజులు పక్కన పెట్టేవాడు. తర్వాత అసలు వ్యాసం చూడకుండా, ఆ గుర్తుల్ని బట్టి తన మాటల్లో వ్యాసమంతా మళ్లీ రాసేవాడు. అప్పుడు అసలుతో పక్కపక్కన పెట్టి తన తప్పులు దిద్దుకునేవాడు. మాటలు చాలడం లేదనిపించి, కొన్నింటిని పద్యాలుగా మార్చి, మర్చిపోయాక మళ్లీ వచనంలోకి తెచ్చేవాడు. ఒక్కోసారి గుర్తుల కాగితాలు కలిపేసి, కొన్ని వారాల తర్వాత వాటిని వరసలో పెట్టడానికి ప్రయత్నించేవాడు, ఆలోచనని ఎలా అమర్చాలో తెలియడానికి. ఇదంతా పని మొదలయ్యే ముందు పొద్దున్న, పని అయ్యాక రాత్రి, ఆదివారాలు. ఎప్పుడైనా ఒక చోట తను అసలు రచయిత కంటే కొంచెం బాగా రాశానేమో అనిపించి సంబరపడేవాడట. ఆ సంబరం మీకూ కావాలి. అది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, పక్కపక్కన పెట్టి చూసుకుంటే వచ్చేది. ఎరిక్సన్ తన ‘పీక్’లో కూడా ఫ్రాంక్లిన్ పద్ధతినే మంచి సాధనకి ఉదాహరణగా చూపించాడు.

బొమ్మలేసేవాళ్లకి ఇలాంటిదే విన్సెంట్ వాన్‌గో కథ. అతని ఉత్తరాల సంపుటాన్ని మీకు గట్టిగా సిఫారసు చేస్తాను, మీరు రాసేది కథలైనా సరే. సినిమాల్లో కనిపించే పిచ్చి మేధావి ఆ ఉత్తరాల్లో ఉండడు, పనివాడు ఉంటాడు. బొమ్మల వ్యాపారంలో ఉద్యోగం పోయింది, బడిలో పంతులు పని కుదరలేదు, మత ప్రచారకుడిగా కూడా నిలవలేదు. 1880లో, 27వ ఏట, చిత్రకారుణ్ణవుతానని నిర్ణయించుకున్నాడు. అప్పుడు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? షార్ల్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ కోర్సు తెప్పించుకుని, అందులోని నమూనా బొమ్మల్ని వరసపెట్టి కాపీ చేశాడు. ఒకసారి అయ్యాక మళ్లీ చేశాడు. 1890లో, ప్రపంచం ఇప్పుడు ఆరాధించే చిత్రాలు చాలావరకు వేశాక కూడా, ఆ పాఠాల్నే మళ్లీ పట్టుకున్నాడు. తమ్ముడు థియోకి రాసిన ఉత్తరాలే 650కి పైగా మిగిలాయి. వాటిలో బాధ ఉంది, ఒంటరితనం ఉంది. కానీ ఎక్కువ చోటు తీసుకున్నది ఏ కాగితం మంచిది, ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుంది, దూరాల్ని సరిగ్గా గీయడానికి చట్రం ఎలా చేయించుకున్నాడు, ఈ వారం ఎన్ని బొమ్మలు పాడయ్యాయి, ఇవే. థియో భార్య జో వాన్‌గో బాంగర్ 1914లో వాటిని అచ్చు వేయించింది. రోజుకి ఒకటి రెండు ఉత్తరాలు చదవండి. ఒక కళాకారుడి రోజు లోపలి నుంచి ఎలా ఉంటుందో చూశాక, మీకు వచ్చే చికాకులు మీ ఒక్కరి లోపమే అనిపించవు.

మూడో కారణం మిగిలింది. బహుశా మీ మూడు కథల్లో ఒకటైనా దాని వల్లే ఆగి ఉంటుంది. ఎవరో పిలిచారు, పిల్లాడికి జ్వరం, ఆఫీసులో క్లోజింగ్ టెన్షన్. దీన్ని ప్రేరణ లోపంగా లెక్కేసుకోకండి. వర్జీనియా వుల్ఫ్ 1928లో కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కాలేజీల్లో ఇచ్చిన ప్రసంగాలు మరుసటి ఏడాది ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’గా వచ్చాయి. ఆడది రాయాలంటే ఏడాదికి 500 పౌండ్లూ, గడియ ఉన్న గదీ కావాలంటుంది. ఏ ఆడదాని ప్రతిభ గురించైనా తీర్పు చెప్పేముందు ఆమెకి ఎంత తీరిక, ఎంత డబ్బు, ఎన్ని తలుపులు ఉన్నాయో అడగమంటుంది. మీ గురించి మీరు చెప్పుకున్న తీర్పుని ఆ పుస్తకం ముందు పెట్టి చూడండి.

గది దొరకడం అందరికీ సాధ్యం కాదు. వేళ మాత్రం దొరకబుచ్చుకోవచ్చు. ఆంథొనీ ట్రోలప్ ఇంగ్లండులో తపాలా శాఖ ఉద్యోగి. పొద్దున్న ఐదున్నరకి బల్ల ముందు కూర్చునేవాడు, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడు, తర్వాత ఉద్యోగానికి వెళ్లేవాడు. అలా 47 నవలలు రాశాడు. ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1883లో వచ్చిన ఆత్మకథలో ఇదంతా దాచకుండా చెబితే, కళని ఇలా గంటల లెక్కన రాస్తారా అని కొందరు ముఖం చిట్లించారు. నాకైతే ఆ నిజాయితీ చాలా నచ్చింది. మీరు 250 మాటలు రాయనక్కర్లేదు. వేళ మాత్రం ఆయనలా ఖాయం చేసుకోండి, ఇంట్లో అందరికీ ఆ వేళ గురించి చెప్పండి. అడగడానికి మొహమాటపడకండి. రచన పక్కకి పోయేది ఎక్కువగా ఆ మొహమాటం వల్లే.

ఇంట్లో ఉంటూ రాసేవాళ్లకి స్టీఫెన్ కింగ్ ‘ఆన్ రైటింగ్’లో ఒక భాగం ఉంది. 2000లో వచ్చిన పుస్తకం. గది నడిమధ్యన పెద్ద ఓక్ బల్ల వేసుకోవాలని ఆయన కలగనేవాడు, వేయించుకున్నాడు కూడా. తర్వాత దాన్ని తీసేసి, చిన్న బల్ల ఒకటి మూలకి జరిపి, మిగతా గదిని పిల్లలు వచ్చి కూర్చునేలా మార్చాడు. జీవితం కళకి ఊతంగా ఉండటం కాదు, కళే జీవితానికి ఊతం అంటాడు. భయానక నవలల రచయిత మాట కదా అని పక్కన పెట్టకండి, అతి సూటిగా రాసిన పుస్తకాల్లో అదొకటి. ‘క్యారీ’ నవల మొదటి పేజీల్ని చెత్తబుట్టలో పడేస్తే, భార్య టాబితా వాటిని తీసి దులిపి, ఇది వదలొద్దు అని ఎలా చెప్పిందో చదవండి. మధ్యలో ఆపిన కథల గురించి నన్నడిగారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పను. స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ ‘ది వార్ ఆఫ్ ఆర్ట్’ కొంతమందికి గట్టి దెబ్బలా పనిచేస్తుంది. కానీ ఇప్పటికే తనని తాను తిట్టుకుంటున్న మనిషికి నేను ఇవ్వను, అంటే మీకివ్వను. ట్వైలా థార్ప్ ‘ది క్రియేటివ్ హ్యాబిట్’ మంచిది, ఒక నృత్య దర్శకురాలు తన పని ఎలా చేస్తుందో ఉన్నదున్నట్టు చెబుతుంది. మీ కథ ఒకటి పూర్తయ్యాక చదవండి.

మీ అక్క మాట గురించి. అది గుచ్చుకోవడం సహజం. అయితే ఆవిడ మీ రాత గురించి పట్టించుకునే మనిషని కూడా ఆ మాటలోనే తెలుస్తోంది. మీరు రాయడం లేదని గమనించింది ఆవిడొక్కరేనేమో! కథ పూర్తయ్యాక మొదట ఆవిడకే చదవడానికివ్వండి. బాగుందా అని మాత్రం అడగకండి. ఎక్కడ విసుగనిపించింది, ఎక్కడ నమ్మలేదు, ఎక్కడ ఆగి మళ్లీ చదివావు అని అడగండి. ఈ మూడింటికీ ఎవరైనా జవాబు చెప్పగలరు, ఆ జవాబులు దిద్దుకోవడానికి పనికొస్తాయి.

ఇక పాతదా, కొత్తదా. పాతదే. మూడింటిలో అన్నిటికంటే చిన్నది తీసుకోండి. మంచిది కాదు, చిన్నది. లామోట్ పుస్తకం ఒక్కటి బల్ల మీద ఉంచి, మిగతావి పెట్టెలో పెట్టి కంటికి కనపడని చోట దాచండి. ఈ కథ అయ్యేదాకా ఇంకే కొత్త పుస్తకమూ కొనొద్దు, ఇందులో నేను చెప్పిన మిగతావి కూడా. మొదటి వారం కథ ముట్టుకోవద్దు. మీకిష్టమైన ఒక కథలో రెండు పేజీలు తీసుకుని ఫ్రాంక్లిన్‌లా గుర్తులు రాసుకుని, మూడు నాలుగు రోజులాగి, మీ మాటల్లో రాసి, పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండో వారం నుంచి మీ కథ, రోజూ అదే వేళకి, అంగుళం ఫ్రేములో పట్టేంత. ముగింపు ఎంత పేలవంగా వచ్చినా సరే, చివరి వాక్యం దాకా వెళ్లండి. దిద్దడం ఆ తర్వాత సంగతి, దానికి ‘కథాశిల్పం’ తెచ్చుకోండి. అది పూర్తయ్యాక రెండో కథ సంగతి నాకు రాయండి. అది ఏ వాక్యం దగ్గర ఆగిందో కూడా.